కుడిపక్క గుండె

2023లో నేను మార్కాపురంలోని ఒక స్కానింగ్ సెంటర్‌లో ఎక్స్‌రే టెక్నీషియన్‌ని. రాతి పలకల పని చేస్తూ దుమ్ము పీల్చేవాళ్ల ఊపిరితిత్తుల మీద ఒక మెడికల్ కాలేజీవాళ్లు పరిశోధన మొదలుపెట్టి, చుట్టుపక్కల సెంటర్లలోని పాత ఛాతీ ఎక్స్‌రేలు సేకరించారు. ఒక్కో మిషన్‌ది ఒక్కో తీరు. కొన్ని బొమ్మలు తలకిందులుగా, కొన్ని ఎడమ కుడి తారుమారై ఉండేవి. అన్నిటినీ డైకామ్ అనే ఒకే పద్ధతిలోకి మార్చాలి. అంటే బొమ్మతోపాటు అది ఏ మిషన్‌దో, ఎటువైపు నుంచి తీసిందో కూడా ఫైల్లోనే ఉంటుంది. పేరు తీసేసి కోడ్ వేస్తారు. మా సెంటర్ ఎక్స్‌రేలను అలా సరిచేసే పని నాకు అప్పగించారు.

ఒక బొమ్మలో గుండె కుడిపక్క కనిపించింది. పరిశోధన చూస్తున్న డాక్టరమ్మకు ఫోన్ చేశాను.

"తిరగబడి ఉంటుంది, తిప్పేయండి" అన్నారామె.

తిప్పబోయి ఆగాను. ఎక్స్‌రే తీసేటప్పుడు ఎడమపక్క సీసంతో చేసిన 'ఎల్' అక్షరం పెడతాం. బొమ్మ తిరగబడితే అదీ తిరగబడాలి. ఇక్కడ అక్షరం చక్కగా ఉంది.

"మనిషిని పిలిచి చూస్తాను మేడమ్" అన్నాను.

ఆయన పేరు ఓబులేసు. తర్లుపాడు దగ్గర పలకలు కోస్తాడు. మరునాడే భార్య కాశమ్మతో వచ్చాడు. ఇద్దరి ముఖాల్లోనూ కళ లేదు.

"మళ్లీ రమ్మన్నావంటే ఊపిరితిత్తులు చెడిపోయినాయా పాపా? దాచకుండా చెప్పు."

"అవి బాగున్నాయని మా డాక్టరుగారు అప్పుడే రాశారు మామా. గుండె ఎటుందో చూడాలి, అంతే."

"గుండె యాడికి పోతాది!"

మళ్లీ ఎక్స్‌రే తీశాను. డాక్టరుగారు స్కాన్ కూడా చేశారు. గుండె నిజంగానే కుడిపక్క, కాలేయం ఎడమపక్క. పుట్టుకతోనే లోపల అన్నీ అటూ ఇటూ మారి ఉన్నాయి. జబ్బేమీ కాదని ఆయన చెప్పగానే కాశమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది.

"పెళ్లయినకాడి నుంచి ఈయనకు గుండె లేదని తిడతానే ఉండా. ఉండాది గానీ, నేను ఎతికిన పక్క లేదు!"

ఓబులేసు కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాడు. ఏ ఆసుపత్రికి పోయినా ముందు ఈ సంగతి చెప్పాలని డాక్టరుగారు గట్టిగా చెప్పి పంపారు.

కొన్ని నెలల తర్వాత ఆయన మైసూర్‌పాక్ డబ్బాతో వచ్చాడు.

"కడుపులో ఎడమపక్క నొప్పి లేసింది పాపా. ఒంగోలు పోయినాం. గ్యాస్ నొప్పేమో అన్నారు. నాకు అన్నీ అటూ ఇటూ సార్ అన్నా. స్కాన్ తీస్తే, అందరికీ కుడిపక్క ఉండే అపెండిక్స్ నాకు ఆ పక్కనే వాచి ఉండాది. పగలకముందే తీసేసినారు."

ఆ కబురు డాక్టరమ్మకు చెప్పాను. "తిప్పేయమన్నది నేనే కదండీ!" అని పకపకా నవ్వి, ఎక్స్‌రే ఎవరిదో వాళ్లను పిలిచి చూడకుండా ఏ బొమ్మా తిప్పకూడదని అన్ని సెంటర్లకూ చెప్పించారు.

తేడాగా ఉన్న బొమ్మ కనిపిస్తే ఇప్పటికీ ముందు ఆ మనిషికే ఫోన్ చేస్తాను. ఎక్కువసార్లు పొరపాటు మా మిషన్‌దే అవుతుంది. అయినా చేస్తాను.