నాన్న ఉత్తరంలో నలుచదరపు ఖాళీ

ఈ ఉదయం ఏడూ ఇరవైకి, గవర్నర్‌పేటలోని మా ఇంట్లో, స్టీలు పళ్ళెంలో నీళ్ళు పోసి పాత కవరు ముక్క నానవేశాను. పదకొండు నిమిషాలకు తపాలా బిళ్ళ కాగితాన్ని వదిలి తేలింది. తడిసిన జిగురు వాసన వచ్చింది. ఆ వాసన వెంటే పామర్రులో మా పక్కింటి సుభద్రమ్మగారి వసారా గుర్తుకు వచ్చింది.

ఆవిడ తెలుగు పంతులమ్మగా పనిచేసి పదవీవిరమణ చేశారు. శనివారాలు వీధిలోని ఆరుగురు పిల్లలం ఆ వసారాలో చేరి పాత బిళ్ళలు నానబెట్టి, వార్తాపత్రిక మీద ఆరబెట్టేవాళ్ళం. బిళ్ళ ఆరేలోగా దాని కథ రాయాలన్నది ఆవిడ నియమం. మొదటి వారం నాకు రైలు బొమ్మ వచ్చింది. అంచు పళ్ళు లెక్కపెట్టి, యాభై ఆరనీ, ఒకటి చిరిగిందనీ రాసిచ్చాను.

"లెక్క బాగానే ఉందే అమ్మాయ్. రైల్లో మరి ఎవరూ ఎక్కలేదా?"

"బొమ్మలో కనపళ్ళేదండి."

"అయితే నువ్వెక్కు. టిక్కెట్టు అడగన్లే."

నాకప్పుడు పదకొండేళ్ళు. రోడ్డు పనుల మీద కడప వైపు వెళ్ళిన నాన్న అక్కడే జ్వరంతో పోయి నాలుగు నెలలైంది. ఆయన చివరి ఇన్లాండు ఉత్తరం అమ్మ ట్రంకుపెట్టెలో ఉండేది. దాని మీది నెమలి బిళ్ళ మీద మనసుపడి, కొలతగా కత్తిరించి నీళ్ళలో వేశాను. ఇన్లాండు మీద బిళ్ళను అతికించరు, కాగితం మీదే అచ్చువేస్తారు. దాని వెనుక నాన్న రాత ఉంటుందన్న ఆలోచనే నాకు రాలేదు. నీళ్ళు నీలంగా మారాయి.

అమ్మ తొమ్మిది రోజులు నాతో మాట్లాడలేదు.

"తెలియక చేసిందమ్మా," అన్నారు సుభద్రమ్మగారు.

"దానికి తెలియందేముందండీ? బిళ్ళకు పళ్ళెన్నో కూడా చెబుతుంది. ఆ అయిదు వరసలూ నాకు కంఠతా వచ్చు. ఆయన చేతిరాత ఎక్కణ్ణుంచి తెచ్చుకోను?"

ఆవిడ ఒక్క గంటకని ఆ ఉత్తరం అడిగి తీసుకుని, నా ముందు పరిచారు. ఖాళీ అంచున 'అమ్మాయికి', 'తడవకుండా', 'వచ్చాక నేనే' అన్న మాటలు మాత్రం మిగిలాయి.

"మధ్యలో ఏముందో రాయి."

"నాకు తెలియదండి."

"ముందు ఆ మాటే రాయి. తరవాత మిగతాది."

'తెలియదు' అని రాశాను. కింద, నాన్న నాకు గొడుగు తెస్తానన్నట్టు అయిదు వరసలు రాశాను. కత్తిరించి ఆ ఖాళీలో అతికించబోతుంటే చెయ్యి పట్టుకున్నారు.

"వద్దు. అది మీ నాన్నగారి కాగితం. నీ మాట నీ కాగితం మీదే ఉండాలి."

ఆ సాయంత్రం అమ్మ నా కాగితం చదివింది. "గొడుగు కాదు. మీ నాన్నకి గొడుగంటే చిరాకు. మళ్ళీ రాయి," అంది. తొమ్మిది రోజుల తరువాత నాతో అన్న మొదటి మాట అదే.

అప్పటినుంచి ఏటా ఆ ఉత్తరం తేదీన ఒక బిళ్ళ నానవేసి, అది ఆరేలోగా రాస్తున్నాను. ప్రతి కాగితం మీదా మొదటి మాట 'తెలియదు'. అసలు మాటలేవో అమ్మ చెప్పలేదు, నేనూ అడగలేదు. సుభద్రమ్మగారు పోయి ఆరేళ్ళయింది. ఆవిడ బతికున్నన్నాళ్ళూ ప్రతిసారీ, "ఏమందే మీ అమ్మ?" అని అడిగేవారు. "కాదందండి," అంటే, "మంచిదే, వచ్చే ఏటికి పని మిగిలింది," అనేవారు.

ఈ రోజు ముప్పై తొమ్మిదోది చదివి వినిపించాను. అమ్మ కళ్ళజోడు తీసింది.

"ఇదీ కాదు," అంది. "కానీ, మీ నాన్న అనగలిగిన మాటే."

డైరీలో సమయం రాశాను: ఏడూ యాభై. బిళ్ళ ఇంకా ఆరలేదు.