మా బావ తెచ్చిన ఆల్చిప్పలు

తమిళనాడులో ఉన్న మా పాపారపట్టికి సముద్రం ఎంత దూరమో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆవులూ టమోటా తోటా చూసుకునేవాళ్ళకు ఆ లెక్క అవసరం పడలేదు. మాకు నీచు అంటే కోడి, పండగైతే పొట్టేలు. ఈ వెనుకబాటుతనం పోగొట్టడానికే కాబోలు, మా అక్కకు బావలాంటి మొగుడు దొరికాడు.

బావకు ధర్మపురిలో సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. ఫోన్లు అమ్మగా మిగిలిన పొద్దంతా వాటిలో వంటల వీడియోలు చూస్తాడు. కిందటేడు స్నేహితులతో సముద్రపు ఒడ్డుకు పోయి వచ్చాడు. దాంతో సముద్రం గురించి ఇక నేర్చుకోవలసింది ఏమీ మిగల్లేదు.

వస్తూ థర్మాకోల్ పెట్టెలో ఐసు వేసి ఆల్చిప్పలు తెచ్చాడు. ఏదో ఊరి కాలువ సముద్రంలో కలిసేచోట రాళ్ళకు అంటుకుని ఉంటే తనే గీకి తీశాడట. అంగట్లో కొన్న సరుకు కాదని గొప్పగా చెప్పాడు. దారిలోనే ఐసు కరిగిపోయిన సంగతి మాత్రం అంత గొప్పగా చెప్పలేదు.

అమ్మ వాటిని ఉడికిద్దామంది. బావ ఆమెవైపు జాలిగా చూశాడు.

"ఉడకేసేదానికి ఇది కందిపప్పా అత్తా? పచ్చిగానే తినాల. ఉప్పునీళ్ళలో పుట్టిండేది, దీంట్లో పురుగు ఎట్ల బతుకుతుంది?"

అంత ధీమాగా చెప్పేవాడితో ఎవరు వాదిస్తారు? అక్క వాసన పడక లోపలికి పోయింది. అమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. నేను ఆవులకు నీళ్ళు పెట్టాలని లేచాను. మిగిలింది నాయన. ఆయనకు ఏళ్ళుగా షుగరు, ఈ మధ్య కాలేయమూ బాగాలేదు. కానీ అల్లుడు చేత్తో ఇచ్చింది కాదనడం ఆయనకు చేతకాదు. నిమ్మకాయ పిండిన ఆల్చిప్పను కషాయంలా కళ్ళు మూసుకుని మింగి, బాగుందన్నాడు. అన్నందుకు బావ ఇంకొకటి పెట్టాడు. మర్యాదస్తులకు దక్కే బహుమానాలు ఇలాగే ఉంటాయి.

మరునాటికి, తనూ తిన్న బావకు విరేచనాలు పట్టుకున్నాయి. ఒంట్లో మలినం పోతోందని సంతోషించాడు. నాయనకు మాత్రం చలిజ్వరం వచ్చింది. సాయంత్రానికి కాలు వాచి నల్లటి బొబ్బలు లేచాయి, మాట తడబడింది. కారులో ధర్మపురి ఆసుపత్రికి తీసుకుపోయాం.

ఏం తిన్నాడని డాక్టరమ్మ అడిగింది. అంతవరకూ ఎవరినీ మాట్లాడనివ్వని బావ తలపైన ఫ్యానును పరిశీలించసాగాడు. నేనే చెప్పాను. ఆమె తమిళంలో ఓపికగా వివరించింది. ఆల్చిప్ప పొద్దంతా నీళ్ళు పీల్చి వడగట్టి బతుకుతుందట. మురుగు కలిసిన నీళ్ళయితే అందులోని క్రిములన్నీ దాని ఒంట్లోనే పోగవుతాయి. మురుగు లేకపోయినా కొన్ని క్రిములకు గోరువెచ్చని ఉప్పునీళ్ళే ఇల్లట. గట్టి ఒళ్ళయితే కడుపు చెడి ఊరుకుంటుంది. షుగరూ కాలేయం జబ్బూ ఉన్నవాళ్ళకు నెత్తురులోకి ఎక్కి ప్రాణం తీయగలదు.

నాయన ఐసీయూలో ఉన్నన్నాళ్ళూ బావ దుకాణం తెరవలేదు. ఆసుపత్రి మెట్ల మీదే కూర్చున్నాడు. అక్క అతనితో మాట్లాడలేదు. ఒక పొద్దున నేను టీ తీసుకుపోయి ఇచ్చాను. తాగకుండా చేతిలో పట్టుకున్నాడు.

"వద్దని మామ ఒక్క మాట అనుంటే పెట్టుండను గదా. నా చేత్తోనే పెట్టినాను."

అతన్ని అనడానికి నేను చాలా మాటలు దాచిపెట్టుకున్నాను. వాటిని అలాగే ఉంచి, పక్కన కూర్చుని, "టీ చల్లారిపోతా ఉంది, తాగు బావా," అన్నాను.

కాలిలో చెడిన కండ కోసి తీసేశాక నాయన బతికి ఇంటికి వచ్చాడు. కర్ర పట్టుకుని నడుస్తాడు, వంగలేడు. అందుకని బావ తెల్లవారుజామునే ధర్మపురి నుంచి వచ్చి పాలు పితుకుతున్నాడు. ఆ ఏర్పాటుకు ఆవులు ఇంకా ఒప్పుకోలేదు. అవి తన్నినప్పుడల్లా నాయన మంచం మీద నుంచే, పొదుగు మెల్లగా పట్టుకోమని చెబుతుంటాడు. అక్క కూడా ఇప్పుడు మొగుడితో మాట్లాడుతోంది, ఎక్కువగా ఒలికిన పాల గురించే.