కాలివేలికి పెట్టని క్లిప్పు

ఇన్నేళ్ళుగా నేను అడుగుతున్నదానికి ఆ ఆసుపత్రివాళ్ళు ఒక్కరూ బదులివ్వలేదు.

ఎనభైల చివర్లో, మామిడికోతల రోజుల్లో, ఆయాసపడుతున్న మా ఆవిడను నూజివీడు నుంచి బెజవాడ ఆసుపత్రికి తీసుకెళ్ళాను. డాక్టరుగారు కొత్త మిషను క్లిప్పును ఆవిడ వేలికి తగిలించి, అది ఎలా పనిచేస్తుందో చెప్పారు. ఎర్రవెలుగు, కంటికి కనిపించని మరో వెలుగు వేలిగుండా పంపుతుందట. ఆక్సిజన్ తగ్గిన రక్తం ఎర్రవెలుగును ఎక్కువగా మింగేస్తుందట. ఆ తేడాను బట్టి రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో అంకె చూపిస్తుందట.

"అంకె తగ్గితే వెంటనే ఆక్సిజన్ పెట్టండి," అని నర్సుకు చెప్పి, అంకె వచ్చేదాకా ఆగకుండా ఆయన వెళ్ళిపోయారు.

అంకె అసలు రాలేదు. తోటలో కాయల తొడిమలు తుంచీ తుంచీ, సొన కారి, ఆవిడ చేతిగోళ్ళన్నీ నల్లబడి ఉన్నాయి.

"సిస్టరుగారండీ, ఈ సొన మరకలోంచి వెలుగెలా దాటుద్దండీ? కాలివేలికి పెట్టండి," అన్నాను.

"మామిడికాయల సంగతి మీరు చూసుకోండి, మిషను సంగతి మేం చూసుకుంటాం," అంది నర్సు. మిషను చెడిపోయిందనుకుని తీసుకెళ్ళిపోయింది.

గంటలో మా ఆవిడ పెదాలు నీలమయ్యాయి. ఆక్సిజన్ తెచ్చేసరికి ఊపిరి ఆగిపోయింది. ఒక్క మరకైనా లేని ఆ పాదాలు దుప్పటి బయటే ఉన్నాయి.

కాలివేలికి ఎందుకు పెట్టలేదు? ఇప్పటికైనా ఎవరో ఒకరు నాకు జవాబు చెప్పండి.