మొగులమ్మ మందలో పరాయి గొర్రెలు

మర్పల్లి నుంచి తాండూరు దాకా ఏ గొర్రె తప్పిపోవాలన్నా ముందు మొగులమ్మను అడిగి, ఆమె సరేనన్నాకే తప్పిపోయేదట. ఈ మాట ఊళ్లో ఎవరూ అనలేదు. ఇంటర్ మధ్యలో మానేసిన మనవరాలు నవనీత మాత్రం అందరికీ చెప్పుకుని తిరుగుతుంది.

ఇప్పుడు దారి తప్పేది మొగులమ్మే. మతిమరుపు జబ్బు ముదిరింది. ఇంట్లో గోడవైపు తిరిగి కూర్చుంటే ఉలకదు, పలకదు. వికారాబాదులో జ్యోతిరాణి ఇలాంటి పెద్దలను ప్రతి శుక్రవారం కూర్చోబెట్టి బొమ్మలు చేయిస్తుంది. అక్కడ మాత్రం మొగులమ్మ నోరు విప్పుతుంది. పోయిన వారం కాగితప్పూలు చేయమంటే, "గివి మేక సుత తినది" అని జ్యోతిరాణి మొహం మీదే అనేసింది. సంగతి తెలిసి, "ఇంకోసారి లొల్లయితే తీస్కపోవుడు బందు" అని కోడలు తేల్చేసింది. అవ్వ గొంతు వినిపించే ఒక్క చోటూ పోతుందేమోనని నవనీతకు బెంగ.

ఈసారి నవనీత అవ్వను తీసుకొచ్చి పక్కనే కూర్చుంది. అట్ట గొర్రెలకు దూది అతికించే పని. అందరి గొర్రెలనూ బల్ల మీద ఆరబెట్టి జ్యోతిరాణి చాయ్ తేవడానికి వెళ్లింది. తిరిగొచ్చేసరికి మొగులమ్మ ఎర్రరంగులో వేలు ముంచి, ఒక్కదాన్నీ వదలకుండా అన్నిటి వీపుల మీదా తమ ఇంటి గుర్తు పెట్టేసింది. మందలు కలిసిపోయినప్పుడు ఎవరివి వాళ్లు ఏరుకోవడానికి కాపరులు పెట్టుకునే గుర్తు అది.

ఆ పెద్దల్లో ఒకడు, తాండూరు నాపరాళ్ల గనిలో పనిచేసిన శంకరప్ప లేచాడు. గొర్రెను కూరలో తప్ప దగ్గరగా చూసినవాడు కాదు.

"నా గొర్రెకు రంగెందుకు పూసినవ్?"

"నీదైతే నీ గుర్తేది?"

శంకరప్ప చాలాసేపు ఆలోచించాడు. "గుర్తు లేదు" అన్నాడు.

"గుర్తు లేకుంటే నాదే!"

నవనీత కళ్లు మూసుకుంది. లొల్లి ఖాయం. కానీ వినబడింది నవ్వు. ముందు శంకరప్పది, తర్వాత గదిలో అందరిదీ. అక్కడున్న వాళ్లలో ఎవరికి మాత్రం ఏం గుర్తుంది గనక!

"మేడం, నాకు నీలం రంగియ్యి. వచ్చేవారం దీని మందంత నాదే" అన్నాడు శంకరప్ప.

జ్యోతిరాణి అప్పటికప్పుడు కోడలికి ఫోన్ చేసింది. "లొల్లి కాలేదక్కా, గొర్ల అంగడైంది. వచ్చే శుక్రవారం మీ అత్తమ్మను తప్పకుండ పంపు. లేకుంటే వీళ్లు నన్ను బతకనియ్యరు."

నవనీత ఛాతీ విరుచుకుని ముసలామె పక్కన చేరింది. "అవ్వా, నేను మస్తు బతిమిలాడిన. గందుకే నిన్ను మళ్ల రమ్మంటున్నరు, ఎరుకేనా?"

మొగులమ్మ ఆమెను కిందినుంచి పైదాకా చూసింది.

"నువ్వు బయట కూసో. నీ నోటికి గొర్లు బెదురుతున్నయి."