మామ రైఫిలు మీది దుర్బీను

మొన్న కంటి డాక్టరు నా గడ్డాన్ని ఒక యంత్రానికి ఆనించి, పక్కనున్న చిన్న చక్రాన్ని ముందుకూ వెనక్కూ తిప్పుతూ, ఎదుటి గీత నిలిచి ఉందా, జరిగిందా అని పదే పదే అడుగుతుంటే జవాబు చెప్పే ఓపిక కూడా లేకపోయింది. మన ఈడువాళ్లకు ఈ పరీక్షలు అలవాటే గానీ, ఆ చక్రాన్ని చూశాక మనసు బాన్సువాడలో మా మేనమామ ఇంటి పెరట్లోకి పోయి అక్కడే కూలబడింది.

అవి రెండో ప్రపంచయుద్ధం రోజులు. నైజాం కొలువులోని ఒక అధికారి బదిలీ మీద వెళుతూ, వేటలో తోడున్నందుకు గుర్తుగా దుర్బీను బిగించిన రైఫిలును మామకు ఇచ్చిపోయాడు. నిజాంసాగర్ కాలువ వచ్చాక మా వైపు చెరుకు పెరిగింది, చెరుకుతో పాటు అడవిపందులూ పెరిగాయి. మామ గురి అంటే కోటగిరి దాకా పేరు. ఆ రైఫిలును చూసుకోవడమే ఇరవై ఏళ్ల వయసులో నాకు దక్కిన మొదటి పని.

తూటాలు దొరకడం గగనం కాబట్టి కాల్చకుండానే దుర్బీనును పరీక్షించేవాళ్లం. రైఫిలును వడ్లబస్తాల మీద కదలకుండా పడుకోబెట్టి, తూటా పెట్టే చోట ఉండే వెనక గడియ తీసేసి, పాతిక అంగల దూరాన సున్నం గోడ మీద పెట్టిన బొగ్గుచుక్క తూటా పోయే గొట్టంలోంచి సరిగ్గా నడుమ కనబడేలా సర్దాలి. ఆపైన దుర్బీను చక్రం పది గీతలు తిప్పితే లోపల గురి చూపే సన్నని తీగ, చుక్క నుంచి వరుసగా గోడ మీద గీసిన పది బొగ్గుగీతలు దాటాలి, వెనక్కి తిప్పితే మొదటి చోటికే రావాలి. రాకపోతే తూటా ఎటు పోతుందో దేవుడికే తెలియాలి.

ఆ యేడు దసరాకు అత్తమ్మ నాగలికీ కొడవళ్లకూ పెట్టినట్టే రైఫిలుకూ పసుపుముద్ద పెట్టి కుంకుమ అద్దింది, గొట్టంతో పాటు చక్రానికి కూడా నిండుగా. మర్నాడు పొద్దున నేను పరీక్షకు కూర్చునేసరికి పండగ చాకిరీతో ఒళ్లు హూనమై ఉంది. పది గీతలు తిప్పి చూశాను, సరిపోయింది. వెనక్కి తిప్పాను గానీ, మళ్లీ వంగి కన్ను ఆనించడానికి బద్ధకించాను.

“ఏంరా అల్లుడా, వాపసు తిప్పి చూసినవా?” అని అరుగు మీంచి మామ అడిగాడు.

“చూసిన మామా” అన్నాను.

ఆ సాయంత్రం చెరుకుతోట గట్టున కాపు కాసిన మామ నూరంగల దూరంలో పందిని కొట్టాడు. గుండెకు తగలాల్సిన తూటా వెన్ను గీరుకుంటూ పోయింది. పంది పడిపోయింది, తన గురి మీది నమ్మకంతో ఆయన దగ్గరికి నడిచాడు. అది లేచి తొడ చీల్చేసింది. నెల రోజులు దవాఖానలో ఉండి వచ్చాడు, ఎడమకాలు మాత్రం ఇక వంగలేదు.

ఇంటికి వచ్చిన రోజే రైఫిలు తెప్పించుకుని, మంచం మీద కూర్చుని చక్రం విప్పాడు. దాని అంచు కింద ఎండి గట్టిపడిన పసుపు. చక్రం తిరిగినా లోపలి తీగ వెనక్కి రాకుండా అదే పట్టేసింది. ఆయన దాన్ని గోటితో గీకి, ధోవతి అంచుతో తుడిచి, వంటింటి వైపు ఒకసారి చూసి, “మీ అత్తమ్మకు చెప్పకురా, బతుకంత ఏడుస్తది” అన్నాడు మెల్లగా.

ఆ తరువాత ఎవరడిగినా “నా చెయ్యే వణికింది తియ్” అనేవాడు. గురికి పేరుపడ్డ మనిషి, చెయ్యి వణికినవాడిగానే మిగతా ముప్పై ఏళ్లూ బతికాడు. అత్తమ్మేమో తన పూజ వల్లే మొగుడి ప్రాణం దక్కిందని అందరికీ చెప్పుకునేది. ఇద్దరి మాటలూ వింటూ నేను నోరు మూసుకుని తిరిగాను.

ఇప్పుడు ఆ చెరుకుతోటలు లేవు, అంతా వరిమళ్లే. రైఫిలు ఠాణాలో జమ అయి ఎటు పోయిందో తెలియదు. మామా లేడు, అత్తమ్మా లేదు. అప్పట్లో నిజం చెబితే ఇల్లంతా కుమిలిపోయేది, ఇప్పుడు చెప్పినా ఎవరికీ పట్టదు. నేను చూడకుండానే చూశానన్న సంగతి మామ కనిపెట్టాడో లేదో, అత్తమ్మతో పాటు నన్నూ కాపాడాడో ఏమో. ఆ ఒక్కమాట అడగాలని ముప్పై ఏళ్లు ఆయన మంచం చుట్టూ తిరిగాను, అడగలేదు.