ఉదయగిరి దుర్గం మీద ఫోనుకూ జీపీఎస్ యంత్రానికీ పెట్టిన పందెం

కొండలెక్కడానికి ఫోనులోని మ్యాపు చాలా, లేక చేతిలో పట్టుకునే జీపీఎస్ యంత్రం విడిగా కొనుక్కోవాలా? ఈ ప్రశ్న నన్ను ఎవరో ఒకరు అడగని వారం లేదు. మా ఇంట్లో అయితే ఇది ప్రశ్న కాదు, పోట్లాట. నేను తొమ్మిది వేలు పోసి ఎవరో వాడిన యంత్రం ఒకటి కొన్నప్పటి నుంచి మా తమ్ముడు శీను దాన్ని ఇటుక అనే పిలుస్తాడు. "ఫోన్లో లేంది ఆ ఇటుకలో ఏముండాదక్కా?" అని ఎగతాళి. వాడు ఆత్మకూరులో మందుల షాపు నడుపుతాడు. ఆరేళ్లుగా చక్కెర జబ్బు, రోజూ ఇన్సులిన్ వేసుకోవాలి. మాటలతో ఇది తేలదని నేనే పందెం పెట్టాను. ఉదయగిరి దుర్గాన్ని ఇద్దరం చెరో దారిన ఎక్కాలి, వాడు ఫోనుతో పడమటి వైపు నుంచి, నేను యంత్రంతో మెట్ల దారిన. పదకొండు గంటలకు పైనున్న పాత మసీదు దగ్గర కలవాలి. ఈ ఆలోచన నాది. ముందే ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత జరిగినదానికి వాణ్ణి ఒక్కణ్ణే తిట్టడం న్యాయం కాదు.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం తెల్లారకముందే ఆత్మకూరులో బస్సెక్కాం. ఉదయగిరికి గంటన్నర ప్రయాణం, టికెట్టు డెబ్బై రూపాయల లోపే. ఏడుంబావుకు దిగి, బస్టాండు పక్కన హోటల్లో టిఫిన్‌కు కూర్చున్నాం. శీను ఇన్సులిన్ వేసుకుని రెండంటే రెండు ఇడ్లీలు తిన్నాడు. "కడుపు బరువైతే ఎక్కలేనక్కా, పైన తింటాలే" అన్నాడు. బిస్కెట్లు, అరటిపండ్లు, గ్లూకోజు పొడి ఉన్న వాడి సంచిని తెచ్చి నా వీపు సంచిలో పడేశాడు. వీడియో తీసుకోవడానికి చేతులు ఖాళీగా ఉండాలట. నేనూ సరేనన్నాను. కొండ కింద వరకు ఆటోకు నూరు రూపాయలు. డ్రైవరు మా పందెం విని మొహం చిట్లించాడు.

"మెట్ల దారిన పోండి సార్. పడమటి పక్క మేకలోళ్లు తప్ప ఎవురూ పోరు."

శీను ఫోనులోని మ్యాపు చూపించాడు. "ఇదో అన్నా, గీత ఉండాది చూడు."

"గీత ఉంటే సరిపోద్దా? దారి ఉండొద్దా?" అన్నాడు ఆయన. అయినా నన్ను మెట్ల దగ్గర దించి, వాణ్ణి పడమటి వైపు తీసుకెళ్లాడు.

ఎనిమిదింటికి ఎక్కడం మొదలుపెట్టాను. మెట్లు చాలా చోట్ల విరిగాయి, కొన్నిచోట్ల ముళ్లపొదలు కమ్ముకున్నాయి. పైన అంగడి లేదు కాబట్టి మనిషికి మూడు లీటర్ల నీళ్లు తప్పనిసరి. యంత్రం తన పని తాను చక్కగా చేసింది. రెండు పెన్సిల్ బ్యాటరీలతో రోజంతా నడుస్తుంది, మిట్టమధ్యాహ్నపు ఎండలోనూ తెర కనబడుతుంది, చెమట చేతులతో పట్టుకున్నా ఏమీ కాదు. పదీ నలభైకి మసీదు చేరి, గెలిచానని ఒక ఫోటో కూడా తీసుకున్నాను. పదకొండైంది. పదకొండుంబావు కూడా అయింది. శీను రాలేదు. ఫోను చేస్తే కలవలేదు. ముందు విసుగనిపించింది. తర్వాత నా సంచిలో వాడి తిండి ఉన్న సంగతి గుర్తొచ్చింది. ఇన్సులిన్ వేసుకుని సరిగా తినకపోతే వాడికి చక్కెర పడిపోతుంది.

పదకొండూ ఇరవై ఐదుకు వాడే చేశాడు. "అక్కా, యాడుండానో తెలవటంలా. ముందుకు పోతే చరియ, యెనక్కి పోతే అన్నీ ఒకేలాంటి బాటలు. చేతులు వణకతా ఉండాయి. సంచి నీకాడ ఉండాది గదా."

"ఉన్నచోటే కూర్చో. కదలబాక. ఫోన్లో నువ్వున్న చోటు నెంబర్లు చదువు."

"చార్జింగు రెండే ఉండాది. రాసుకో." వాడు అక్షాంశం, రేఖాంశం అంకెలు చదివాడు, నేను అరచేతి మీద పెన్నుతో రాసుకున్నాను. చివరి అంకె చెప్పీ చెప్పకముందే ఫోను ఆగిపోయింది. మూడు గంటలు ఆపకుండా వీడియో తీస్తే ఏ ఫోనైనా అంతే.

ఆ అంకెలు యంత్రంలో ఎక్కించబోతే అది ఒప్పుకోలేదు. పద్నాలుగు తీసుకుంది. తర్వాతి ఎనభై ఏడు దగ్గర కీచుమని అరిచి చెరిపేసింది. మళ్లీ కొట్టాను, మళ్లీ చెరిపేసింది. వాడు తప్పు చదివాడా, నేను తప్పు రాసుకున్నానా? అడుగుదామంటే వాడి ఫోను ఆగిపోయింది. చక్కెర పడిపోయిన మనిషి ఎంతసేపు తెలివిలో ఉంటాడో వాడే నాకు ఎన్నోసార్లు చెప్పాడు. నాకు ఏడుపొచ్చింది. కోపంతో యంత్రాన్ని గోడకేసి తట్టాను.

"ఏందమ్మా, దాన్నట్టా కొడతా ఉండావు?" గోడ అవతల నుంచి మేకల కాపరి ఒకాయన వచ్చాడు. అరవై దాటిన మనిషి, పేరు గురవయ్య. నేను ఏడుపూ మాటలూ కలిపి చెప్పాను.

"పడమటి పక్కనా? ఆడ ఒక బాటా ఏందమ్మా, నూరుండాయి. అన్నీ మేకలు తొక్కినయ్యే. మేక పొద కిందా దూరతాది. ఏ బాటలో ఉండాడని ఎతికేది?"

ఆ మాటకు బుర్ర కొంచెం నిలబడింది, ఆ అంకెలు తప్ప వేరే దారి లేదు. యంత్రం సెట్టింగులన్నీ ఒక్కొక్కటే తెరిచాను. అప్పటికి అర్థమైంది. ఫోను డిగ్రీలను దశాంశాల్లో చూపిస్తుంది. నా యంత్రాన్ని పాత యజమాని డిగ్రీలు, నిమిషాల పద్ధతిలో పెట్టుకున్నాడు. ఒక డిగ్రీకి అరవయ్యే నిమిషాలు కాబట్టి అది ఎనభై ఏడును తీసుకోదు. కొని ఆరు నెలలైనా నేను ఒక్కసారీ ఆ పేజీ తెరవలేదు, తమ్ముణ్ణి మాత్రం రోజూ దెప్పాను. పద్ధతి మార్చి మళ్లీ ఎక్కించాను. బాణం తిరిగింది. ఆరు వందల పది మీటర్లు.

బాణం చూపిన వైపు పరుగు తీశాను. గురవయ్య వెనక నుంచి నా సంచి పట్టుకుని ఆపాడు. "పోబాకమ్మా! ఆ పొద దాటితే చరియే." తొంగి చూస్తే నిజమే, రెండు తాటిచెట్ల లోతు. యంత్రానికి కాకి పోయే దారి తెలుసు, మనిషి పోయే దారి తెలియదు. ఆయన బాణాన్ని ఒకసారి చూసి, చేత్తో గాలిలో చుట్టూ గీసి, "ఆ పక్కంటే నాకు తెలిసిపోయినాదిలే, రా" అన్నాడు. మేకలను వదిలేసి నడిచాడు.

ఆ ఆరు వందల మీటర్లకు ముప్పై ఐదు నిమిషాలు పట్టింది. శీనూ అని అరుస్తూనే ఉన్నాను, ఒక్కసారీ జవాబు లేదు. ఒక మలుపు దగ్గర బాట రెండుగా చీలింది. అక్కడ గురవయ్య ఆగిపోయాడు. పెద్ద రేగు కంప ఒకటి పక్కకు లాగేసి ఉంది.

"ఇది నేను నిన్న అడ్డం ఏసిన కంప" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. కంప అడ్డం ఉంటే అటు పోకూడదని మా వైపు పసిపిల్లకు కూడా తెలుసు. శీను పుట్టి పెరిగింది ఆత్మకూరులోనే. అయినా ఫోనులో గీత ముందుకు పోతోందని కంప లాగేసి పోయాడు.

నలభై అడుగుల అవతల వాడు కనిపించాడు. బండకు ఆనుకుని కూర్చున్నాడు, చొక్కా అంతా చెమటకు తడిసి ఉంది. వాడి కాళ్లకూ చరియ అంచుకూ మధ్య నాలుగడుగులు కూడా లేవు. "బస్సు వచ్చినాదా?" అని అడిగాడు. నన్ను గుర్తుపట్టలేదు. గ్లూకోజు నీళ్లలో కలిపి కొంచెం కొంచెంగా తాగించాను. మింగుతున్నాడు, అదే అదృష్టం. గురవయ్య వాడి భుజాలు గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు. పావుగంట తర్వాత వాడి చూపు కుదురుకుంది. "అక్కా" అన్నాడు. ఇక ఆపుకోలేక గట్టిగానే ఏడ్చాను.

శీను బిస్కెట్లు, అరటిపండు తిని, కాస్త తేరుకున్నాక వెనక్కి నడిచాం. మలుపు దగ్గర గురవయ్య కంపను మళ్లీ అడ్డంగా లాగడం మొదలుపెట్టాడు. శీను వెళ్లి రెండో చెయ్యి వేశాడు. "నేనే తీసినాను తాతా. ఫోన్లో దారి ఉండాది అని."

గురవయ్య వాడి వంక చూడకుండానే అన్నాడు. "నేను మేకల కోసం ఏసినాను నాయనా. మడుసులకు గూడా ఎయ్యాల్సొస్తాదనుకోలా."

మెట్ల దారిన దిగేసరికి మూడైంది. నాలుగు గంటల బస్సు దొరికింది. ఆత్మకూరు దాకా ఇద్దరం ఎవరు గెలిచారన్న మాట ఎత్తలేదు. ఏది కొనాలని మీరు అడిగితే ఇప్పుడు నా జవాబు ఇదీ. ఒక్కరోజు నడకకు ఫోను చాలు, వెంట పవర్ బ్యాంకు ఉంటే. ఊరికి దూరంగా, ఎండలో, రోజంతా తిరిగేవాళ్లకు యంత్రం నమ్మకం. కానీ ఫోనులో గీత గీసింది మనిషి వెంట పోయినవాడో, మేక వెంట పోయినవాడో మనకు తెలియదు. యంత్రంలో బాణానికి లోయ కనబడదు. కొండ మీద ఎవరైనా అడ్డం వేసిన కంప ఉంటే, అది ఆ రెండింటికన్నా కొత్త సమాచారం. ఇంత చిన్న సంగతి తెలుసుకోవడానికి నేను తమ్ముణ్ణి పందెం కాశాను. ఆ సిగ్గు ఇంకా పోలేదు.

ఒక్క సలహా. ఫోను, యంత్రం రెండూ తీసుకెళ్తుంటే రెండింటిలోనూ డిగ్రీలు ఒకే పద్ధతిలో కనిపించేలా పెట్టుకోండి. బయలుదేరే ముందు ఇంట్లోనే ఒకరు అంకెలు చదవండి, ఇంకొకరు ఎక్కించండి. ఇంట్లో అది రెండు నిమిషాల పని. కొండ మీద నాకు పదకొండు నిమిషాలు పట్టింది. ఆ పదకొండు నిమిషాలూ మా తమ్ముడు చరియ అంచున కూర్చుని, రాని బస్సు కోసం చూస్తూ ఉన్నాడు.