నేరేడు చెట్టు కింద నాలుకల తనిఖీ

సోంబరు మనిషిని పలకరించే మాట ఒక్కటే. ‘బాగున్నావా’ అనడు, ‘తిన్నావా’ అనడు. ‘‘నాలిక సూపు’’ అంటాడు.

దీనంతటికీ కారణం ఆయన వాకిట్లోని నేరేడు చెట్టు. ఊరి అందానికి రోడ్డు పక్కన నాటుకోమని ఎప్పుడో జి.మాడుగులలో పంచిన మొక్కల్లో అదొకటి. మిగతావన్నీ మేకల పాలయ్యాయి. ఇది మాత్రం మేకలు కొరికిన కొద్దీ చిగిర్చింది. కాఫీతోటల్లో సిల్వర్ ఓక్ చెట్లని పడగొట్టిన తుఫానుకి రెండు కొమ్మలిచ్చి సరిపెట్టేసింది. ఇప్పుడది కారు దిగిన టూరిస్టులకి ఫొటో, ఊరికి పండు, సోంబరుకి అనుమానం.

నేరేడు తిన్నవాడు ఏదైనా దాచగలడు గానీ నాలుక రంగు దాచలేడు. అందుకే ఆయనకి నాలుకల మీద అంత గురి. దుకాణం లక్ష్మణరావు ఓసారి కిళ్ళీ నములుతూ అటు వచ్చి దొరికిపోయాడు.

‘‘ఇది కిళ్ళీ ఎరుపయ్యా బాబూ!’’

‘‘పైన కిళ్ళీయే. దాని కింద ఏటుందో?’’ అని చెంబెడు నీళ్ళతో పుక్కిలింపజేసి గానీ వదల్లేదు. జ్వరం చూడ్డానికి వచ్చిన నర్సు బేబి ‘‘నోరు తెరువు’’ అంటే, ‘‘ముందు నువ్వు తెరువు’’ అన్నాడు. ఇంత కాపలా కాసినా ఇన్నేళ్ళలో ఒక్క దొంగా దొరకలేదు. ‘‘దొరకట్లేదంటేనే నాకు అనుమానం’’ అంటాడు.

కొయ్యూరు వైపు నుంచి ఆ ఊరికి కోడలిగా వచ్చిన రమణికి ఇదే మొదటి నేరేడు కాలం. రాత్రి వానకి చెట్టు కింద నేలంతా పళ్ళు. నీళ్ళకి వెళ్తూ అటూ ఇటూ చూసి గుప్పెడు తినేసింది. ఇంటికి రాగానే అత్త ముత్యాలమ్మ అంది:

‘‘రేపు నేరేడు కొత్త పండగ. దేవతకి పెట్టకముందు ఎవులైనా తిన్నారంటే ఆ ఇంటి మేక తప్పు కింద దిసారికి పోద్ది. సాయంత్రం అందరి నాలికలూ సూత్తారు.’’

రమణి కొంగుతో మూతి తుడుచుకుంది. పుట్టింట్లో మామిడికి కొత్త పండుగ చేస్తారు గానీ నేరేడుకి లేదు. ఈ ఇంట్లో ఉన్నది ఒక్కటే మేక. ముత్యాలమ్మ దాన్ని కొడుకు కంటే ఎక్కువగా చూసుకుంటుంది. రమణి బూడిదతో తోమింది. జామాకు నమిలింది. చింతపండుతో రుద్దింది. నాలుక మండింది గానీ రంగు వదల్లేదు.

‘‘ఏటే గుంటా, పొద్దున్నుంచీ మాటాడవు? ఏటి సేత్తన్నావక్కడ?’’

‘‘ఊఁ.’’

‘‘మావోడు ఏటైనా అన్నాడేటి?’’

‘‘ఊఁహూఁ.’’

ముత్యాలమ్మకి అనుమానం ఖాయమైపోయింది. ఇంకా ఏమీ తెలియని కొడుకుని పిలిచి నాలుగు చీవాట్లు పెట్టింది.

సాయంత్రం ఊరంతా చెట్టు కింద వరసగా నిలబడింది. పండుగకి రోజు చూసి పెట్టే దిసారి బుధు రాతి మీద కూర్చున్నాడు. చెట్టు యజమానిగా తనిఖీ సోంబరుది. చినుకులు పడుతున్నాయని ఆకులతో అల్లిన పెద్ద గిడుగు తలకెత్తుకుని, ఒక్కొక్కరి ముందూ వంగి, కళ్ళు చికిలించి, ‘‘సరే. నువ్వు పో’’ అంటూ రమణి దగ్గరికొచ్చాడు.

‘‘నాలిక సూపు.’’

రమణి కళ్ళు మూసుకుని చాపింది. సోంబరు చూశాడు. ఇంకా వంగి చూశాడు. రమణికి చెవుల్లో మేక అరుపే వినిపిస్తోంది.

‘‘ముత్యాలమ్మా!’’ అని గర్జించాడు సోంబరు. ‘‘కోడలికి బువ్వ సరిగా పెడతన్నావా? నాలిక సూడు, సున్నంలా తెల్లగా ఉంది!’’

‘‘నేనా? నేను పెట్టట్లేదా?’’ అని ముత్యాలమ్మ కొంగు బిగించింది. అందరూ ఆవిడ వైపు తిరిగి నవ్వారు. రమణి నోరు మూసుకుంది.

జనం వెళ్ళాక ఆమె నెమ్మదిగా చెట్టు దగ్గరికొచ్చింది. ‘‘మావా, నా నాలిక నిజంగా...’’

‘‘మూయ్, బేగి మూయ్!’’ సోంబరు చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. ‘‘బుధు కళ్ళు మంచియి. తనిఖీ నేను సెయ్యకపోతే ఆడు సేత్తాడు. అప్పుడీ ఊర్లో ఒక్క మేకా మిగల్దు.’’

వరసలో నిలబడ్డ వాళ్ళందరూ ఎందుకంత నోరు బిగబట్టుకుని ఉన్నారో రమణికి అప్పుడర్థమైంది. సోంబరు వంగినప్పుడల్లా ఆ గిడుగు దిసారికి సరిగ్గా ఎందుకు అడ్డం వచ్చిందో కూడా.

‘‘ఇంతకీ ఏ కొమ్మయి తిన్నావు?’’ అన్నాడు అనుమానంగా.

‘‘కింద రాలినయి, మావా.’’

‘‘అయి వగరు. తూరుపు కొమ్మయి తినాల, ఈ యేడు తేనె!’’

పండుగ రేపు కదా, తేనె అని ఈయనకెలా తెలిసింది? రమణి నవ్వాపుకుంది.

‘‘మావా, నాలిక సూపు.’’

సోంబరు గిడుగు ముక్కు దాకా దించుకుని, ‘‘ఉష్ కాకీ!’’ అంటూ గబగబా చెట్టు వెనక్కి వెళ్ళిపోయాడు. చెట్టు మీద కాకి లేదు.